మురుగునీటి శుద్ధిలో భార లోహాలు: శైవలాలు, బాక్టీరియాపై ప్రభావం

నగరాల మురుగునీటిని, పరిశ్రమల వ్యర్థజలాన్ని శుభ్రపరిచే పనిలో అధిక భాగం సూక్ష్మజీవులదే. బాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తాయి, అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి, ఆక్సిజన్ లేని తొట్లలో మీథేన్ పుట్టిస్తాయి. శుద్ధి చెరువుల్లో పెరిగే శైవలాలు, అంటే నాచు జాతులు, ఎండలో ఆక్సిజన్‌ను విడుదల చేస్తూ నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. రాగి, జింకు, నికెల్, క్రోమియం, కాడ్మియం, సీసం, పాదరసం వంటి లోహాలు ఈ జీవుల ఎంజైములను, కణపొరలను, కిరణజన్య సంయోగక్రియను దెబ్బతీస్తాయి. నీటిలో లోహం మొత్తం ఎంత ఉందన్న అంకె ఒక్కటే ఈ నష్టం ఎంతో చెప్పలేదు. లోహం ఏ రూపంలో ఉంది, ఏ జీవసమూహాన్ని తాకింది, ఆ సమూహానికి లోహంతో ముందునుంచీ పరిచయం ఉందా అన్న మూడు విషయాలే ప్రభావాన్ని నిర్ణయిస్తాయి. ప్రయోగశాల ఫలితాలకూ శుద్ధి కేంద్రాల అనుభవానికీ మధ్య కనిపించే వైరుధ్యాలు చాలావరకు ఈ మూడింటిని విడివిడిగా చూడకపోవడం వల్ల వచ్చినవే.

పదం, పరిధి

ఘన సెంటీమీటరుకు సుమారు 5 గ్రాముల కంటే ఎక్కువ సాంద్రత గల లోహాలను భార లోహాలనడం వాడుక. సాంద్రతకు, విషస్వభావానికి నేరుగా సంబంధం లేదు. అందుకే ఈ మాటకు శాస్త్రీయమైన అర్థం లేదంటూ 2002లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య పత్రికలో ఒక సాంకేతిక నివేదిక వెలువడింది. అయినా చట్టాల్లోనూ ఇంజినీరింగ్ గ్రంథాల్లోనూ ఈ పదమే నిలిచింది. అర్ధలోహమైన ఆర్సెనిక్‌ను కూడా ఈ జాబితాలోనే చేరుస్తారు. ఇంతకంటే ఉపయోగపడే విభజన జీవుల అవసరాన్ని బట్టి చేసేది. రాగి, జింకు, నికెల్, కోబాల్ట్, మాంగనీసు స్వల్ప మోతాదులో పోషకాలు, మోతాదు మించితే విషాలు. పాదరసానికి, సీసానికి జీవకణంలో తెలిసిన ఉపయోగం లేదు. కాడ్మియం కూడా దాదాపు అంతే. అయితే జింకు కొరవడిన సముద్రజలంలో కొన్ని డయాటమ్‌లు కార్బానిక్ ఆన్‌హైడ్రేజ్ ఎంజైములో జింకుకు బదులు కాడ్మియాన్ని వాడుకుంటాయి.

చరిత్ర

లోహాలు అతి స్వల్ప పరిమాణంలోనే శైవలాలను చంపగలవని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలీ స్పైరోగైరాపై చేసిన ప్రయోగాల్లో గమనించాడు. ఆయన మరణానంతరం 1893లో ఆ పరిశోధన అచ్చయింది. 1904లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ తాగునీటి జలాశయాల్లో నాచును అదుపు చేయడానికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వాడవచ్చని చూపారు. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ఉత్తేజిత బురద పద్ధతిని, అంటే గాలి పంపుతూ బాక్టీరియా బురదతో మురుగును శుద్ధి చేసే విధానాన్ని, ప్రకటించారు. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ శైవలాలు, బాక్టీరియా కలిసి పనిచేసే చెరువులకు శాస్త్రీయ రూపకల్పన చేశాడు. ఒకచోట విషంగా వాడిన రాగి ఇలా మరోచోట శుద్ధి జీవులకు ఎదురైన సమస్య అయింది.

1965లో అమెరికా ప్రజారోగ్య సేవ ప్రచురించిన అధ్యయనం ఈ రంగానికి పునాది వంటిది. క్రోమియం, రాగి, నికెల్, జింకు విడిగానైనా కలిసినైనా లీటరుకు మొత్తం 10 మిల్లీగ్రాముల వరకు ఉన్నా ఆక్సిజన్‌తో నడిచే జీవశుద్ధి సామర్థ్యం సుమారు 5 శాతం మాత్రమే తగ్గుతుందని అది తేల్చింది. ప్రయోగశాలలో ఒంటరిగా పెంచిన శైవలాలు, బాక్టీరియా ఇందులో చిన్న భాగానికే కుదేలవుతాయి. ఈ రెండు రకాల ఫలితాలూ నిజమైనవే. రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో తర్వాతి విభాగంలో తెలుస్తుంది.

లోహ రూపం, జీవ లభ్యత

నీటిలో కరిగిన లోహం ఒకే తీరుగా ఉండదు. కొంత స్వేచ్ఛా అయానుగా తిరుగుతుంది. కొంత కార్బొనేట్, క్లోరైడ్, హైడ్రాక్సైడ్‌లతో జతకడుతుంది. చాలా భాగం హ్యూమిక్ ఆమ్లాలు, ప్రోటీన్లు, సబ్బులు, డిటర్జెంట్ల వంటి సేంద్రియ పదార్థాలకు అంటుకుని సంక్లిష్టాలుగా మారుతుంది. ఇంకొంత మట్టి రేణువులపైన, బురద పోగులపైన చేరుతుంది. కణపొరలోని వాహక ప్రోటీన్లను తాకి లోపలికి వెళ్లగలిగేది ప్రధానంగా స్వేచ్ఛా అయానే. 1980లలో స్థిరపడిన స్వేచ్ఛా అయాను సిద్ధాంతం సారం ఇదే. తర్వాత వచ్చిన జీవ లిగాండ్ నమూనా దీనికి మరొక అంశాన్ని చేర్చింది: కాల్షియం, మెగ్నీషియం, హైడ్రోజన్ అయాన్లు కూడా కణం ఉపరితలంపై అవే స్థానాల కోసం పోటీపడతాయి. కఠిన జలంలో లోహ విషం తగ్గడానికి ఇది ఒక కారణం. ఆమ్లత్వం పెరిగితే ఒక వైపు స్వేచ్ఛా అయాన్లు పెరుగుతాయి, మరో వైపు హైడ్రోజన్ పోటీ పెరుగుతుంది. అందుకే పీహెచ్ ప్రభావం అన్ని లోహాలకూ ఒకే దిశలో ఉండదు.

1965 నాటి అధ్యయనంలో 10 మిల్లీగ్రాములను బురద తట్టుకోగలిగిన రహస్యం ఇక్కడే ఉంది. మురుగునీటిలో లోహాన్ని పట్టి ఉంచే సేంద్రియ పదార్థం పుష్కలం. ఉత్తేజిత బురదలోని బాక్టీరియా తమ చుట్టూ స్రవించే జిగురులో కార్బాక్సిల్, ఫాస్ఫేట్ సమూహాలు లోహ అయాన్లను బంధిస్తాయి. జీవుల లోపలికి చేరేది మిగిలిన కొద్ది భాగమే. ప్రయోగశాలలో స్వచ్ఛమైన లవణ ద్రావణంలో పెంచిన క్లోరెల్లా అనే శైవలానికి ఈ రక్షణ ఉండదు. లోహాన్ని గట్టిగా పట్టే ఈడీటీఏ అనే పదార్థం చాలా శైవల మాధ్యమాల్లో భాగం కనుక, దాని పాళ్లు మారితే అదే జీవికి, అదే లోహానికి పరీక్ష ఫలితం మారిపోతుంది.

మొత్తం గాఢతను కొలవడం సులువు, చవక, పైగా అది ఎప్పుడూ జాగ్రత్త వైపే మొగ్గుతుంది కదా అన్న అభ్యంతరం గట్టిదే. పర్యవేక్షణ సంస్థలకు వేలాది నమూనాలను పరీక్షించవలసిన భారం ఉంది. కానీ ఆ అంకె రెండు వైపులా తప్పుదారి పట్టించగలదు. లోహం ఎక్కువగా ఉన్నా హాని లేని సందర్భాలతో పాటు, లోహం ఎక్కువగా ఉన్నా జీవులు దానికోసం అలమటించే సందర్భాలూ ఉన్నాయి. మీథేన్ పుట్టించే ఆర్కియాలోని కీలక ఎంజైముకు నికెల్ గర్భితమైన ఎఫ్430 అనే సహకారకం తప్పనిసరి. కోబాల్ట్, ఇనుము కూడా వాటికి కావాలి. బురదను జీర్ణింపజేసే తొట్లలో సల్ఫైడ్ ఈ లోహాలను కరగని రూపంలోకి నెట్టేయడంతో, మొత్తం లోహం చాలినంత కనిపిస్తూనే మీథేన్ ఉత్పత్తి కుంటుపడుతుంది. అలాంటి తొట్లకు స్వల్పంగా నికెల్, కోబాల్ట్ చేరిస్తే వాయువు పెరగడం ఇంజినీర్లకు తెలిసిన సంగతే.

శైవలాలలో విష ప్రభావం

రాగి కిరణజన్య సంయోగక్రియలోని రెండవ కాంతి వ్యవస్థను అడ్డుకుంటుంది. క్లామిడోమోనాస్ వంటి శైవలాలలో ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోసయనిన్ అనే ప్రోటీన్‌కు అదే రాగి అవసరం. రాగి దొరకనప్పుడు ఆ జీవి ఇనుముతో తయారైన సైటోక్రోమ్ సీ6ను ప్రత్యామ్నాయంగా వాడుకుంటుంది. రాగి మించితే అది ఆక్సీకరణ, క్షయకరణ చక్రంలో తిరుగుతూ హైడ్రాక్సిల్ రాడికల్‌లను పుట్టించి కణపొరల కొవ్వులను ఛిద్రం చేస్తుంది. కాడ్మియానికి అలా రూపం మార్చుకునే గుణం లేదు. అది కాల్షియం, మాంగనీసు, జింకుల ద్వారాల గుండా లోపలికి చొరబడి ప్రోటీన్లలో జింకు స్థానాన్ని ఆక్రమిస్తుంది, గ్లూటాథయోన్ నిల్వలను ఖర్చు చేయిస్తుంది. పాదరసం ప్రోటీన్ల గంధక సమూహాలను గట్టిగా పట్టుకుంటుంది. పత్రహరితం నడుమ ఉన్న మెగ్నీషియాన్ని రాగి, కాడ్మియం, జింకు, పాదరసం వంటివి తోసిపుచ్చగలవు. అలా మారిన అణువు కాంతిని సరిగ్గా వినియోగించలేదు.

ఋణావేశంతో ఉండే లోహ రూపాలు వేరే దారిలో వస్తాయి. ఆరు వేలన్సీ క్రోమియం క్రోమేట్‌గా సల్ఫేట్ వాహకాల గుండా, ఆర్సెనేట్ ఫాస్ఫేట్ వాహకాల గుండా కణంలోకి చేరతాయి. గృహ మురుగులో ఫాస్ఫేట్ ఎక్కువ కనుక ఆర్సెనేట్‌కు పోటీ తప్పదు. శుభ్రమైన నీటిలో కొలిచిన ఆర్సెనిక్ విషాన్ని మురుగునీటి చెరువుకు యథాతథంగా అన్వయించడం ఈ కారణం చేత సరికాదు.

బాక్టీరియాలో విష ప్రభావం: నైట్రీకరణ బలహీనత

బాక్టీరియాలో శ్వాసక్రియ ఎంజైములు, కణపొర, డీఎన్‌ఏ మూడూ లోహాలకు గురి అవుతాయి. సేంద్రియ పదార్థాన్ని తినే బాక్టీరియాలో వందలాది జాతులు ఒకే పనిని పంచుకుంటాయి. కొన్ని పడిపోయినా మిగిలినవి పని నడిపిస్తాయి. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రేటుగా మార్చే పనిని, అంటే నైట్రీకరణను, చేసే నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వంటి వర్గాలు కొద్ది. అవి నెమ్మదిగా పెరుగుతాయి. శుద్ధి తొట్టిలో వాటి సంఖ్య రెట్టింపు కావడానికి ఒక రోజు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. అమ్మోనియాను ఆక్సీకరించే వాటి ప్రధాన ఎంజైమే రాగిపై ఆధారపడినా, రాగి మించినప్పుడు ముందుగా దెబ్బతినేదీ ఈ వర్గమే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ స్థానిక పరిమితుల మార్గదర్శకంలో సంకలనం చేసిన అంకెల ప్రకారం ఉత్తేజిత బురదకు అవరోధం రాగి విషయంలో లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము, నికెల్ విషయంలో 1 నుంచి 2.5 మిల్లీగ్రాముల వద్ద మొదలవుతుంది. నైట్రీకరణకైతే రాగి 0.05 నుంచి 0.48, నికెల్ 0.25 నుంచి 0.5, జింకు 0.08 నుంచి 0.5 మిల్లీగ్రాములే చాలు. రాగికి చెప్పిన ఆ పరిధిలోనే దాదాపు పది రెట్ల తేడా ఉంది. కొలిచింది మొత్తం లోహాన్ని, దెబ్బతీసింది దానిలో కొంత భాగం కావడమే ఇంతటి తేడాకు ముఖ్య కారణం.

భారతదేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద ప్రజా మురుగు కాలువల్లోకి వదిలే పారిశ్రామిక జలంలో లీటరుకు రాగి 3, నికెల్ 3, జింకు 15 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. ఇవి నైట్రీకరణ పరిమితులకు ఎన్నో రెట్లు. గృహ మురుగులో కలిసి పలచబడుతుంది కనుక ఇబ్బంది లేదని చెప్పే వాదన నగరమంతటికీ సగటున చెల్లుతుంది. పారిశ్రామిక వాడలున్న పరీవాహకంలో చెల్లదు. ఒక వంతు పారిశ్రామిక జలానికి మూడు వంతుల గృహ మురుగు కలిసినా, అనుమతించిన మోతాదులోనే ఉన్న రాగి 0.75 మిల్లీగ్రాముల దగ్గర నిలుస్తుంది. పైగా లోహపు పూత యూనిట్లు తమ తొట్లను ఖాళీ చేసేది రోజంతా సమానంగా కాదు, ఒక్కసారిగా. సగటు అంకెలో ఆ పోటు కనిపించదు. నైట్రీకరణ బాక్టీరియా మాత్రం ఆ పోటుకే చనిపోతాయి, తిరిగి పుంజుకోవడానికి వారాలు తీసుకుంటాయి.

తట్టుకునే శక్తి, దాని మూల్యం

జీవులు నిస్సహాయంగా ఉండిపోవు. శైవలాలు గ్లూటాథయోన్ నుంచి ఫైటోకీలటిన్లు అనే చిన్న పెప్టైడ్‌లను తయారుచేసి కాడ్మియాన్ని బంధిస్తాయి, పాలీఫాస్ఫేట్ రేణువుల్లో లోహాన్ని దాచిపెడతాయి. సైనోబాక్టీరియా మెటల్లోథయోనిన్ల సాయం తీసుకుంటాయి. బాక్టీరియా లోహాన్ని బయటికి తోసే పంపులను నడుపుతాయి. బెల్జియంలో ఒక జింకు కర్మాగారపు అవక్షేప తొట్టి నుంచి 1976లో వేరుచేసిన కుప్రియావిడస్ మెటల్లిడ్యూరన్స్‌లో కోబాల్ట్, జింకు, కాడ్మియంలను వెళ్లగొట్టే జన్యు వ్యవస్థను విస్తృతంగా పరిశోధించారు. పాదరసాన్ని ఎదుర్కొనే మెర్ జన్యు సముదాయం పాదరస అయానును క్షయకరించి ఆవిరయ్యే లోహ పాదరసంగా మారుస్తుంది. దాంతో తొట్టిలో విషం తగ్గుతుంది, పాదరసం గాలిలోకి పోతుంది.

అలవాటు పడిన బురద లోహాన్ని తట్టుకుంటుంది కనుక ఆందోళన అనవసరమని వినిపించే మాటను ఈ నేపథ్యంలో తూకం వేయాలి. అలవాటు పడటమంటే ఉన్న జీవులు బలపడటం కొంత, సున్నితమైన జాతులు తొలగిపోయి మొండి జాతులు మిగలడం కొంత. సేంద్రియ పదార్థపు శుద్ధి అంకె పూర్వస్థితికి వచ్చినా నైట్రీకరణ, బురద త్వరగా అడుగున పేరుకునే గుణం రాకపోవచ్చు. లోహ నిరోధక జన్యువులు తరచుగా ప్లాస్మిడ్‌లపై యాంటీబయాటిక్ నిరోధక జన్యువుల సరసనే ఉంటాయి. కొన్ని పంపులు లోహాన్నీ మందునూ రెండింటినీ బయటికి తోస్తాయి. యాంటీబయాటిక్ లేని చోట కూడా లోహమే ఆ నిరోధకతను పెంచి పోషించగలదు. తెలంగాణలోని పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో వెలువడిన పరిశోధన చూపింది. అది లోహాన్ని గురించిన ఫలితం కాదు. కానీ మందుల అవశేషాలూ, ఇతర పరిశ్రమల లోహాలూ కలిసి చేరే మూసీ వంటి పరీవాహకంలో రెండు ఒత్తిళ్లనూ వేర్వేరు శాఖల సమస్యలుగా చూడటం ప్రమాదకరం.

శైవల, బాక్టీరియా సహజీవనం: చెరువుల శుద్ధి

శుద్ధి చెరువులో శైవలాలు ఇచ్చిన ఆక్సిజన్‌ను బాక్టీరియా, బాక్టీరియా విడిచిన కార్బన్ డయాక్సైడ్‌ను శైవలాలు వాడుకుంటాయి. ఒకదానికి తగిలిన దెబ్బ రెండోదానికీ తగులుతుంది. రాగి వల్ల శైవలాలు మందగిస్తే ఆక్సిజన్ పడిపోయి, రాగిని తట్టుకోగల బాక్టీరియా కూడా ఊపిరాడక నిలిచిపోతాయి. దీనికి మరో ముఖం ఉంది. పగటిపూట శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో చెరువు పీహెచ్ 9 దాటుతుంది. అప్పుడు రాగి, జింకు, సీసం హైడ్రాక్సైడ్, కార్బొనేట్ రూపాల్లో అడుగుకు దిగుతాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న శైవలాలు తమకు హాని చేసే రూపాన్ని తామే తగ్గించుకుంటాయి. క్రోమేట్, ఆర్సెనేట్‌లకు ఈ రక్షణ వర్తించదు. రాత్రి పీహెచ్ తగ్గినప్పుడు కొంత లోహం తిరిగి కరుగుతుంది. మధ్యాహ్నం తీసిన ఒకే నమూనాతో చెరువు స్థితిని నిర్ణయించడం ఇందువల్లే పొరపాటు అవుతుంది.

ఈ సహజీవనానికి భారతదేశంలో పెద్ద ఉదాహరణ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. సుమారు 12,500 హెక్టార్ల ఈ ప్రాంతం 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. భేరీలని పిలిచే చెరువుల్లో నగరపు మురుగును శైవలాలు, బాక్టీరియా శుద్ధి చేస్తాయి, అక్కడే చేపలు పెరుగుతాయి. తంగ్రా, తిల్జలా, తోప్సియా తోళ్ల కర్మాగారాల నుంచి క్రోమియం ఈ కాలువల్లోకి చేరేది. 1996లో సుప్రీంకోర్టు వాటిని బాన్‌తలాకు తరలించాలని ఆదేశించింది. క్రోమియంలో ఎక్కువ భాగం కాలువల మట్టిలో దిగబడిపోవడం చెరువుల శైవలాలను కాపాడింది. ఆ మట్టిని తవ్వి కరకట్టలపై వేసినప్పుడు సమస్య చోటు మారింది.

ఆక్సిజన్ లేని తొట్లు

సల్ఫేటును క్షయకరించే బాక్టీరియా పుట్టించే సల్ఫైడ్ రాగి, జింకు, కాడ్మియం, నికెల్, సీసాలను దాదాపు కరగని సల్ఫైడ్‌లుగా మారుస్తుంది. 64 గ్రాముల రాగికి 32 గ్రాముల గంధకం సరిపోతుంది. క్రోమియం ఇలా సల్ఫైడ్‌గా దిగదు. సల్ఫైడ్ దాన్ని ఆరు వేలన్సీ నుంచి మూడు వేలన్సీకి క్షయకరిస్తే, అది హైడ్రాక్సైడ్‌గా దిగుతుంది. కాన్పూరులోని జాజ్‌మౌ వద్ద రోజుకు 90 లక్షల లీటర్ల తోళ్ల పరిశ్రమ జలాన్ని 2.7 కోట్ల లీటర్ల గృహ మురుగుతో కలిపి శుద్ధి చేసేలా 3.6 కోట్ల లీటర్ల వాయురహిత కేంద్రాన్ని రూపొందించారు. తోళ్లకు వాడేది ప్రధానంగా మూడు వేలన్సీ క్రోమియం కనుక జీవులపై తక్షణ విషం పరిమితం. అక్కడి మీథేన్ జీవులకు క్రోమియంతో పాటు ఉప్పు, మితిమీరిన సల్ఫైడ్ కూడా శత్రువులే. సల్ఫైడ్ లోహాన్ని పట్టి మేలు చేస్తుంది, మిగిలిపోతే తానే విషమవుతుంది.

పరీక్షా పద్ధతులు

శైవలాలకు ఓఈసీడీ 201 పరీక్షలో 72 గంటల పెరుగుదలను, ఉత్తేజిత బురదకు ఓఈసీడీ 209లో శ్వాసక్రియ తగ్గుదలను కొలుస్తారు. నైట్రీకరణకు ఐఎస్‌ఓ 9509, కాంతినిచ్చే సముద్ర బాక్టీరియాకు ఐఎస్‌ఓ 11348 ఉన్నాయి. లోహాలలో చలించగల భాగాన్ని మాత్రమే పట్టే పలుచని జెల్ పద్ధతిని డేవిసన్, జాంగ్ 1994లో ప్రవేశపెట్టారు. ఏ కేంద్రానికైనా ఆ కేంద్రపు బురదతోనే, అక్కడి నీటితోనే చేసిన శ్వాసక్రియ పరీక్ష పుస్తకంలోని ఏ పట్టిక కంటే నమ్మదగినది. ఖర్చు కూడా ఎక్కువ కాదు.

జీవ అధిశోషణం, బురద గతి

శైవలాలు, బాక్టీరియా లోహాన్ని పీల్చి నీటిని శుభ్రం చేస్తాయన్న మాట వాస్తవమే. చనిపోయిన శైవలాల కణకవచాలు కూడా నిమిషాల్లో లోహాన్ని పట్టగలవు. అయితే సేంద్రియ పదార్థంలా లోహం విచ్ఛిన్నం కాదు. పట్టిన లోహమంతా జీవద్రవ్యంలోనే ఉంటుంది. కింది లెక్క చూస్తే జీవుల ఆరోగ్యం ఒక్కటే గీటురాయి కాదని స్పష్టమవుతుంది. లీటరు మురుగునీటి నుంచి సుమారు 200 మిల్లీగ్రాముల పొడి బురద వస్తుందనుకుందాం. నీటిలో రాగి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే ఉండి, అందులో 80 శాతం బురదలో చేరితే, కిలో బురదలో రాగి 400 మిల్లీగ్రాములవుతుంది. భారతదేశపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కంపోస్టులో అనుమతించేది కిలోకు 300 మిల్లీగ్రాముల రాగి, 50 మిల్లీగ్రాముల క్రోమియం, 5 మిల్లీగ్రాముల కాడ్మియం. తొట్టిలోని బాక్టీరియాలో చాలా భాగాన్ని ఏమాత్రం బాధించని మోతాదే బురదను పొలానికి పనికిరాకుండా చేస్తుంది. ఆ బురదను వాయురహితంగా జీర్ణింపజేసినా, కంపోస్టు చేసినా సేంద్రియ భాగం తగ్గి లోహపు పాళ్లు ఇంకా పెరుగుతాయి. పూత యూనిట్ల రాగి, నికెల్‌లను, తోళ్ల శాలల క్రోమియాన్ని ఫ్యాక్టరీ గడప లోపలే అవక్షేపించి తిరిగి వాడుకోవడం సాంకేతికంగా సాధ్యమే. గృహ మురుగులో ఒకసారి కలిశాక వాటిని వేరుచేసే ఆర్థికంగా గిట్టే పద్ధతి మాత్రం లేదు.